దొరువును బావి అని రాస్తే: నెల్లూరు తీరంలో నీటి మాటల మీద ఒక కేస్ స్టడీ

నీటి వనరుల సర్వే ఫారంలో ఒక ప్రశ్న ఇలా ఉండేది: “సాగునీటి ఆధారం: 1. కాలువ 2. చెరువు 3. బావి 4. బోరు 5. ఏదీ లేదు.” తీరం వెంబడి ఇసుక నేలలున్న ఒక పాళెంలో ఈ ఫారం పట్టుకుని తిరిగినవాళ్లు “బావి ఉందా?” అని అడిగారు. “లేదు” అని జవాబొచ్చింది. ఆ జవాబులో అబద్ధం లేదు. అక్కడున్నవి దొరువులు. బావి అంటే రాయితోనో వరలతోనో కట్టింది, నిలువుగా దిగేది. దొరువు అంటే ఇసుకలో గిన్నెలాగా వాలుగా తీసిన గుంత, మనిషి కడవతో నడిచి దిగేది. రైతు లెక్కలో రెండూ వేరు. ఫారంలో దొరువుకు గడి లేదు కాబట్టి టిక్కు ఐదో గడిలో పడింది. ఆ పక్క చేలోనే దొరువులో నీళ్లు ముంచి మిరప నారు తడుపుతున్నారు.

ఒక్క మాట లేకపోతే ఏం కొంప మునుగుతుందని అనిపించవచ్చు. ఇక్కడ నిజంగానే మునుగుతుంది. “ఏదీ లేదు” అని తేలిన ఊరికి ఆ తర్వాత వచ్చే సలహా బోరు. తీరపు ఇసుకలో లోతు బోరు మొదట మంచినీళ్లే ఇస్తుంది, కొన్నాళ్లకు ఉప్పు తగులుతుంది, ఆ ఉప్పు చుట్టుపక్కల దొరువుల్లోకీ ఎక్కుతుంది. ఊరు కాపాడుకుంటూ వచ్చిన నీరు కాగితం మీద లేకపోవడం వల్ల నేలలో కూడా లేకుండా పోతుంది. అందుకే ఈ ఫారాన్నీ, రైతులకు పంపే ఫోన్ సందేశాలనూ సరిచేసే పనిలో మేము మొదట చేసింది నీటి కొలత కాదు, నీటి మాటల పట్టిక. అది ఎలా తయారైంది, ఎక్కడ తప్పింది, ఫారంలో, ఫోన్ సందేశంలో ఏం మార్చాల్సి వచ్చింది అన్నదే ఈ కేసు. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు రాయడం లేదు.

దొరువు ఎలా నిలుస్తుంది

కొత్తపట్నం, సింగరాయకొండ, ఉలవపాడు మీదుగా కావలి, అల్లూరు, విడవలూరు వైపు సముద్రం ఒడ్డున ఇసుక నేలలు సాగుతాయి. వాన నీరు ఇసుకలో ఇట్టే ఇంకిపోయి, కింద ఉన్న ఉప్పునీటి మీద ఒక పొరగా తేలుతుంది. మంచినీరు లీటరు 1 కిలో తూగితే సముద్రపు నీరు సుమారు 1.025 కిలోలు తూగుతుంది. ఈ చిన్న తేడా మీదే అంతా ఆధారపడి ఉంది. సముద్రమట్టానికి పైన మంచినీరు 1 అడుగు ఎత్తున నిలిస్తే, లెక్క ప్రకారం మట్టానికి కింద ఇంకో 40 అడుగులు మంచినీరే ఉంటుంది. దాన్నే తిరగేసి చూడండి: పై మట్టం 1 అడుగు తగ్గి అలాగే ఉండిపోతే, కింది ఉప్పునీరు 40 అడుగులు పైకి రావడానికి దారి దొరుకుతుంది. మధ్యలో బంకమట్టి పొర ఉంటే ఈ లెక్క మారుతుంది, కానీ దిశ మారదు. బోరు గొట్టం ఒక్కచోటే, లోతునుంచి, గట్టిగా లాగుతుంది. దాని కింద ఉప్పునీరు శంకువులాగా లేచి గొట్టాన్ని అందుకుంటుంది.

దొరువు పైపొరనే ముడుతుంది. వెడల్పుగా, లోతు తక్కువగా ఉంటుంది కాబట్టి కడవలతో ముంచినప్పుడు మట్టం కొద్దిగానే తగ్గుతుంది, పక్కల నుంచి మళ్లీ ఊరుతుంది. వాలు ఎందుకంటే ఇసుక జారకుండా, మనిషి దిగి ఎక్కడానికి వీలుగా. బాపట్లలో ఉప్పునీటి యాజమాన్యం మీద పనిచేసిన వ్యవసాయ పరిశోధకులు ఈ సూత్రాన్నే తీసుకుని మెరుగుపరిచిన దొరువును రూపొందించారు. మధ్యలో ఒక తొట్టి, దానిలోకి నీరు చేర్చేలా నేలలో అడ్డంగా పరిచిన చిల్లుల పైపులు, ఆ చిల్లుల్లో ఇసుక చొరబడకుండా వడపోత, నీళ్లు ఎత్తడానికి చిన్న మోటారు. నిలువుగా లాగకుండా అడ్డంగా సేకరించడం అందులో కీలకం. వాళ్లు కొత్త పేరు పెట్టకుండా రైతు మాటనే ఉంచారు. దాంతో “మీ దొరువే, ఇంకాస్త బాగా” అని ఒక్క ముక్కలో చెప్పగలుగుతున్నాం. పరిశోధన పొలం దాకా చేరడంలో ఆ పేరు చేసిన సాయం తక్కువది కాదు.

పేరు కన్నా క్రియ ముఖ్యం

మాటల పట్టిక అంటే చాలామంది పేర్లు పోగేస్తారు: ఈ వస్తువును ఇక్కడ ఏమంటారు, అక్కడ ఏమంటారు. మా అనుభవంలో వాడకం తెలిసేది పేరు వల్ల కాదు, పేరు పక్కన వచ్చే క్రియ వల్ల. బోరు వేస్తారు, బోరు పోస్తుంది, బోరు ఎండుతుంది. మోటారు వేస్తారు, ఆపుతారు. దొరువు తీస్తారు, దొరువు నీళ్లు తోడతారు లేదా ముంచుతారు, దొరువు ఊరుతుంది. ‘ఊరడం’ అన్న మాటలోనే ఆగాలన్న సంగతి ఉంది. ముంచినవాడు ఊరేదాకా ఆగాలి. బోరు మాటల్లో అలాంటి ఆగడం లేదు, స్విచ్చు మాత్రమే ఉంది. అందుకే దొరువులో మోటారు పెట్టిన రైతుకు “నీళ్లు పొదుపుగా వాడండి” అని చెప్తే ఏ పనీ గుర్తుకు రాదు, “ఊరనివ్వండి” అంటే వెంటనే చెయ్యాల్సిన పని తెలుస్తుంది.

దొరువుకు చుట్టాలు తమిళంలోనూ ఉన్నారు. అక్కడ తురవు అంటే బావి. నెల్లూరు నీటి మాటల్లో ఇలాంటివి చాలా దొరుకుతాయి. చెరువు నిండి పొర్లే చోటును ఇక్కడ కలుజు అంటారు, తమిళంలో కలింగు. ఇంకా ఉత్తరానికి పోతే అలుగు, తెలంగాణలో మత్తడి. తుపాను రాత్రి “మత్తడి దూకుతోంది” అని సందేశం పంపితే నెల్లూరు పల్లెలో వినేవాళ్లు ఒక్క క్షణం తడబడతారు. వరద సమయంలో ఆ ఒక్క క్షణం విలువ పెద్దది.

మాటలు సేకరించిన పద్ధతి

ఒక పాళెంకు 6 నుంచి 8 మంది చాలు, కానీ ఎవరన్నది చూసుకోవాలి. 60 దాటినవాళ్లు ఇద్దరు, నీళ్లు మోసే ఆడవాళ్లు ఇద్దరు, కౌలు రైతు ఒకరు, మోటారు మెకానిక్ ఒకరు తప్పనిసరి. ఆడవాళ్లను వదిలేస్తే రుచి మాటలు రావు. తియ్యనీళ్లు, చప్పనీళ్లు, ఉప్పునీళ్లు అనే తేడాలు కడవ మోసేవాళ్లకే బాగా తెలుస్తాయి, పప్పు ఉడికే నీళ్లేవో ఉడకనివేవో వాళ్లే చెప్తారు. మెకానిక్‌ను వదిలేస్తే గొట్టం ఎంత లోతుకు దిగిందో, ఎప్పుడు పైకెత్తారో తెలియదు. ఊరి పెద్దను ముందు కలవాలి, మర్యాద. కానీ ఆయన ముందు మిగతావాళ్లను కూర్చోబెట్టి అడగకూడదు. ఆయన మాటే అందరూ తిరిగి చెప్తారు.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు అడిగే తీరులో ఉంది. మనం పుస్తకం మాటతో అడిగితే జవాబూ పుస్తకం మాటతోనే వస్తుంది. వినేవాళ్లు మన స్థాయికి మాట మార్చుకుంటారు, ఇది మర్యాద కొద్దీ చేసే పని. “మీ నీటి వనరు ఏమిటి?” అంటే “బోరండీ” అని తేలికైన జవాబు ఇచ్చేస్తారు. ప్రశ్నలో వస్తువు పేరే లేకుండా, పని మాత్రమే ఉండేలా అడగాలి: “పొద్దున నారుకు నీళ్లు ఏడ ముంచుతారన్నా?” “ఎండాకాలం ఆడ నీళ్లు తగ్గితే ఏం చేస్తారక్కా?” అప్పుడు మాట దానంతట అదే వస్తుంది. వచ్చిన మాటను వెంటనే తిరిగి అనకూడదు, సరిదిద్దకూడదు. కూర్చుని అడిగే దానికన్నా నీళ్ల దగ్గరికి నడుస్తూ అడిగితే రెట్టింపు పని జరుగుతుంది.

రికార్డింగు పొద్దున 9 లోపు ముగించాలి. పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి పెరిగి, మైకు మీద ‘భుస్’ అన్న శబ్దం తప్ప ఏమీ వినపడదు. కాలరు మైకు గడ్డానికి బెత్తెడు కింద, దాని మీద బొచ్చు తొడుగు. ఫోన్‌లో ఎంపీత్రీగా కాకుండా వేవ్ ఫైలుగా, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో, ఒక్క చానెల్‌తో తీస్తే గంటకు సుమారు 520 మెగాబైట్లు పడుతుంది. ఆ మాత్రం చోటు ఖర్చు చెయ్యాలి. ‘ల’కీ ‘ళ’కీ, ‘న’కీ ‘ణ’కీ తేడా తర్వాత వినాల్సి వచ్చినప్పుడు ఎంపీత్రీలాగా నొక్కి కుదించిన ఫైలు పనికిరాదు. రికార్డు మొదట్లోనే అనుమతి మాటగా చెప్పించాలి: దేనికి వాడతాం, ఎవరు వింటారు, వద్దంటే తీసేస్తాం.

ఒక్కో మాటకు ఒక కార్డు. అందులో ఊరి ఉచ్చారణ ఉన్నదున్నట్టు, పక్కన పుస్తక రూపం, దానితో వచ్చే క్రియలు, వస్తువు ఫొటో (పక్కన కొలత తెలిసేలా పార నిలబెట్టి), జీపీఎస్ స్థానం, ఏ నెలల్లో వాడతారు, ఇంకా “ఇది ఏది కాదు” అన్న గడి. చివరిది చిన్న గడే కానీ పట్టికను నిలబెట్టేది అదే. దొరువు కార్డులో అక్కడ “బావి కాదు, వర ఉండదు. గుంట కాదు, వాననీరు నిలిచేది కాదు, ఊటది” అని ఉంది. ముగ్గురు, ఒకరు చెప్పింది ఇంకొకరు వినకుండా, ఒకే వస్తువును చూపించి ఒకే మాట అంటేనే కార్డు ఖరారు.

రుచి మాటకు మీటరు రీడింగు జత చేశాం. ఈసీ మీటరు నీటి విద్యుత్ వాహకతను కొలిచి, కరిగిన లవణం ఎంతో మీటరుకు డెసీసీమెన్లలో చూపిస్తుంది. సాగునీటికి 0.7 లోపు ఉంటే దిగులు లేదు, 0.7 నుంచి 3 వరకు పంటను బట్టి జాగ్రత్త, 3 దాటితే గట్టి ఇబ్బంది. ఒక్కో దొరువులో మూడు రీడింగులు: తెల్లారుజామున ముంచకముందు, ముంచడం ఆపగానే, మళ్లీ ఊరిన తర్వాత. సీసాకు తాడు, బరువు కట్టి అడుగునీళ్లు విడిగా తీయాలి, పైనీళ్లు మాత్రమే చూస్తే మోసపోతాం. ఆపగానే పెరిగిన రీడింగు మర్నాడు తెల్లారేసరికి దిగిరాకపోతే తోడుతున్నది ఊటను మించిందని అర్థం. ఈ అంకెలు “చప్పనీళ్లు”, “ఉప్పునీళ్లు” పక్కన చేరాక, మీటరు లేని రోజు కూడా నాలుకతో చెప్పిన మాట రికార్డుకు పనికొస్తుంది. ప్రతి ఊళ్లో రుచి హద్దు ఒకటే ఉండదు, కాబట్టి ఈ జోడీ ఊరూరా కొత్తగా కట్టుకోవాలి.

ఒకే మాట, రెండు నీళ్లు

గుంట అన్న మాట దగ్గర పట్టిక ఒకసారి పూర్తిగా తప్పింది. పశువులు తాగే చిన్న నీటి పట్టు గుంటే. 1990ల తొలినాళ్ల నుంచి తీరం వెంబడి వెలిసిన రొయ్యల సాగు మడుగులూ ఇక్కడి వాడుకలో గుంటలే. ఒకటి భూమిలోకి మంచినీరు ఇంకించేది, రెండోది ఉప్పునీరు ఇంకించేది. రెండింటినీ ఒకే గడిలో కలిపితే “నీటి నిల్వలు ఎక్కువగా ఉన్న ఊరు” అన్న అందమైన తప్పు లెక్క వస్తుంది. పైగా తెలంగాణ లెక్కలకు అలవాటు పడ్డవాళ్లకు గుంట అంటే 121 చదరపు గజాల నేల, 40 గుంటలు ఎకరం. అందుకని ఫారంలోని నీటి నిల్వల వరసల్లో గుంట అన్న ఒంటి మాటను తీసేసి, “పశువుల గుంట”, “రొయ్యల గుంట” అని రెండు వరసలు పెట్టాం. రొయ్యల గుంట గట్టు నుంచి దగ్గరలోని దొరువుకు ఎన్ని అడుగులో పక్కన రాయించాం. ఆ దూరం తెలిస్తేనే ఈసీ రీడింగులకు అర్థం దొరుకుతుంది.

కొలతల్లోనూ ఇదే చిక్కు. నెల్లూరులో అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. ఇంటి కప్పు మీద వాన నీటిని పట్టే తొట్టి లెక్కకు ఇది ప్రాణం. నెల్లూరులో 15 అంకణాల కప్పు అంటే 1,080 చదరపు అడుగులు, సుమారు 100 చదరపు మీటర్లు. దాని మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 1,000 లీటర్లు, తడి పోను, మొదటి మురికినీళ్లు వదలగా 800 చేతికొస్తాయి. 36తో లెక్కేస్తే తొట్టి సగానికి సగం చిన్నదవుతుంది, మిగిలిన నీరు వీధిపాలు. ధాన్యానికి నెల్లూరు పుట్టి 850 కిలోలు, కాబట్టి “ఎకరాకు 3 పుట్లు” అంటే 2,550 కిలోలు. ఫారంలో కొలత మాటను రైతు నోటినుంచి వచ్చినట్టే తీసుకుని, కిలోల్లోకి, అడుగుల్లోకి మార్చే పని కంప్యూటరుకు వదలాలి. రైతు చేత మార్పించకూడదు.

ఎడగారు ఏ సీజన్

పెన్నా మీది సోమశిల జలాశయం ఆయకట్టులో తేలిన విషయం ఇది. నెల్లూరుకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య, ఈశాన్య రుతుపవనాల్లో పడుతుంది. పెద్ద పంట ఆ నీటి మీద, చలికాలంలో. అది మార్చికి కోతకొచ్చాక జలాశయంలో నీరు మిగిలితే వేసవిలో నాటి ఆగస్టు, సెప్టెంబరుకు కోసే వరి ఎడగారు. ఎడ అంటే మధ్య, కారు అంటే కాలం: రెండు పెద్ద పంటల నడుమ దూరిన పంట. మిగులు నీటి మీదనే వేసుకోవాలన్న సంగతి పేరులోనే ఉంది.

ఫారాల్లో ఖరీఫ్, రబీ తప్ప గడి లేదు. ఒకరు ఎడగారును ఖరీఫ్‌లో రాస్తారు, ఇంకొకరు వేసవి పంట కదా అని రబీలో కలుపుతారు. రెండు పక్క ఊళ్ల లెక్కలు పోల్చడానికే రావు, ఎన్ని ఎకరాలకు ఏ నెలలో నీళ్లు కావాలో తేలదు. జూన్‌లో రాష్ట్రమంతటికీ ఒకే సందేశం పోతుంది: “ఖరీఫ్ వరి నారుమళ్లు పోసుకోండి.” అదే సమయంలో ఇక్కడ ఎడగారు పైరు చిరుపొట్టకు (లోపల వెన్ను మొదలయ్యే దశకు) వస్తుంటుంది. ఆ రైతుకు కావాల్సింది తడుల మధ్య వ్యవధి గురించిన సలహా. మన కోసం కాదనుకుని ఫోన్ పెట్టేస్తాడు, ఆ తర్వాత వచ్చే పనికొచ్చే సందేశాన్ని కూడా వినడు. పరిష్కారం తేలికే: పంట కాలం గడిలో “ఎడగారు” అని చేర్చి, పక్కన నాటిన నెల, కోసే నెల రాయించడం. నెలలుంటే పై కార్యాలయం తనకు కావాల్సిన ఏ సీజన్‌లోకైనా మార్చుకోవచ్చు.

జిల్లా గీత, మాట గీత

ఒకే జిల్లా కదా, ఒకే పట్టిక సరిపోతుందనుకోవడం పెద్ద పొరపాటు. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి వైపు నెల్లూరు నుంచి, ఒంగోలు వైపు గుంటూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు వైపు కర్నూలు నుంచి వచ్చి చేరాయి. 1972లో ప్రకాశం అని పేరు మారింది, 2022లో కందుకూరు మళ్లీ నెల్లూరులో కలిసింది. పటం మారినంత తొందరగా మాట మారదు. అందుకే ఆ పాత ప్రకాశం ప్రాంతంలో మూడు పట్టికలతో మొదలుపెట్టాలి. తీరం మాటలను కనిగిరి మెట్ట మీదికి, గిద్దలూరు కొండల వైపుకి మోసుకెళ్లకూడదు. దొరువు సందేశం ఉదయగిరి మెట్ట రైతుకు పంపితే అదీ ఒక తప్పు సందేశమే.

మొదటి చూపుకు దారి చూపింది ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది. ఏ మాట ఏ ప్రాంతంలో అన్నది వృత్తి చేసేవాళ్ల దగ్గరికే వెళ్లి గుర్తించిన పని అది. కానీ దాన్ని నేరుగా ఫారంలోకి ఎక్కించకూడదు. రొయ్యల గుంట అప్పటికి లేదు, మోటారు మాటలు ఇంత లేవు, కపిల (ఎద్దులతో బావి నీళ్లు తోడే పద్ధతి) తోలే మాటలు ఇప్పుడు నలభై లోపువాళ్లకు తెలియవు. అలాంటి పాత మాటలు భద్రంగా దాచాలి, సందేశంలో మాత్రం వాడకూడదు.

ఊళ్ల పేర్లూ సరి చూసుకోవాలి. నెల్లూరు వైపు పాళెం అని రాస్తారు, వేరేచోట టైపు చేసినవాళ్లు పాలెం అంటారు. కంప్యూటరుకు అవి రెండు ఊళ్లు. పేరు ఏ రూపంలో ఉన్నా, ప్రభుత్వ స్థానిక సంస్థల డైరెక్టరీలోని గ్రామ కోడ్ ప్రతి కార్డు మీదా ఉంటే ఈ బాధ ఉండదు. కయ్య అన్న మాటతో కూడా ఇలాగే: ఇక్కడ అది వరి మడి, వేరే జిల్లా వాళ్లు రికార్డు విని రాస్తే “కయ్యం” అయి కూర్చుంటుంది. రాసేది ఎవరైనా ఒకసారి ఊరివాళ్లకు వినిపించి సరిచూడాల్సిందే.

సందేశాన్ని పరీక్షించడం

మొదటి సందేశం ఇది: “భూగర్భ జలాలను పొదుపుగా వినియోగిస్తూ సుస్థిర వ్యవసాయ పద్ధతులను పాటించగలరు.” వ్యాకరణం బాగుంది, చెయ్యాల్సిన పని ఒక్కటీ లేదు. సుస్థిర అన్న మాట మీద మాకు కోపం లేదు, సభలకు అది సరిపోతుంది, చేలో దానికి చేతులూ కాళ్లూ లేవు. మార్చినది: “దొరువు నీళ్లు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తోడండి. మధ్యలో ఊరనివ్వండి. అడుగునీళ్లు ఉప్పు తగిలితే ఆ రోజుకు ఆపండి. దొరువులో బోరు గొట్టం దించొద్దు.” నాలుగు వాక్యాలు, ఒక్కో వాక్యంలో ఒక్క పని, చివర క్రియ. ఊరి గొంతుతోనే చదివించాలి.

వినిపించాక “అర్థమైందా?” అని అడగకూడదు. “అయింది” అనే అంటారు. “ఏం చెయ్యమంటున్నారు?” అని అడిగి, చెప్పింది రాసుకోవాలి. పని మాటలు (తోడటం, ఊరనివ్వడం, ఆపడం, దించకపోవడం) నాలుగింటిలో మూడన్నా తిరిగి రాకపోతే సందేశం మార్చాలి. ఐదుగురికి వినిపిస్తే లోపం బయటపడుతుంది, యాభై మంది అక్కర్లేదు. మా సందేశంలో పడిపోయిన ముక్క “ఒకసారి”. ఎంతసేపో చెప్పలేదు కదా అని అడిగారు. కడవలతో తోడేవాడికి ‘ఒకసారి’ అంటే ఒక నారుమడి తడిసేంత, మోటారు వాడికి అది గంటైనా కావచ్చు. ఇప్పుడు మోటారున్న దొరువులకు వేరే సందేశం ఉంది: “దొరువులో పుల్ల గుచ్చి నీటిమట్టానికి గుర్తు పెట్టండి. గుర్తుకు జానెడు దిగగానే మోటారు ఆపండి. మళ్లీ గుర్తుకు ఊరాకే వేయండి.” ఆ జానెడు అందరికీ ఒకటే కాదు. ఒక్కో దొరువుకు మూడు ఈసీ రీడింగులు చూసి జానెడా, బెత్తెడా అన్నది తేల్చుకోవాలి.

ఫారం ప్రశ్న ఇప్పుడిలా ఉంది: “పైరుకు నీళ్లు ఎక్కడివి? కాలువ, చెరువు, బావి, దొరువు (చేత్తో తోడేది), దొరువు (మోటారుది), బోరు, పశువుల గుంట, వేరేది (ఊరి మాట రాయండి).” చివరి గడిలో ఒకే మాట రెండు పాళెంల నుంచి వస్తే దానికి కార్డు తెరిచి, కొత్త గడి పెడతాం. ఏడాదికి రెండుసార్లు, సెప్టెంబరులో వానలకు ముందు, మేలో నీళ్లు అడుగంటినప్పుడు, పట్టికను ఊళ్లోనే చదివి సరిచూస్తాం. మే నెలలో వచ్చే మాటలు సెప్టెంబరులో రావు.